రొయ్యల ల్యాబులో రీఫ్ ట్యాంకు నీళ్ళు టెస్టు చేపిస్తే ఎట్టుంటది? నా రివ్యూ

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ళ ట్యాంకు. రేటింగు ముందే చెప్పేస్తన్నా. ఆల్కలినిటీకి (నీళ్ళల్లో ముఖ్యంగా బైకార్బొనేట్, కార్బొనేట్ ఎంతుందో చెప్పే లెక్క) 5కి నాలుగున్నర, కాల్షియానికి 3, మెగ్నీషియానికి 1, పీహెచ్‌కి సున్నా. ఎందుకట్టా ఇచ్చానో కింద రాశా, టైముంటే చదవండి, లేదంటే ఈ లైను చాలు.

నేను దుబాయ్‌లో ఉన్నప్పుడు స్టోనీ కోరల్స్ (గట్టి పగడాలు) పెంచా, హ్యామర్, డంకన్, క్యాండీ కేన్, చివర్లో మాంటీపోరా కూడా. ఇప్పుడు కావలి వచ్చేశా, ఇక్కడ 250 లీటర్ల ఉప్పునీళ్ళ ట్యాంకు నడుపుతన్నా, దాంట్లో క్లౌన్ చేపలు, నత్తలు, రాళ్ళ మీద పింక్ కలర్ కోరలైన్ ఆల్గే (రాయికి అంటుకుని పెరిగే గట్టి నాచు), అంతే. ట్యాంకు ఫోటో పెట్టినప్పుడల్లా ఒకటే క్వశ్చన్, అన్నా కోరల్స్ పెట్టాలంటే ఎట్టా మొదలుపెట్టాలి, ఏ లైటు కొనాలి అని. లైటు తర్వాత సంగతి అబ్బా, ముందు నీళ్ళు. నీళ్ళంటే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నంత వసతి బెంగుళూరు హైదరాబాదు వాళ్ళకి కూడా లేదు, ఎందుకంటే ఇక్కడ రొయ్యల గుంటలున్న ప్రతి ఊరి దగ్గరా ఒక ఆక్వా ల్యాబు ఉంటది. ఈ రివ్యూ అట్టాంటి ఒక ల్యాబు గురించి. పేరు రాయను, ఎందుకంటే తప్పులు కూడా చెప్పబోతన్నా, వాళ్ళు మంచోళ్ళు, వాళ్ళు చేసేది రొయ్యల పని, నా ట్యాంకు పని కాదు.

దానికంటే ముందు ఒక ముఖ్యమైన విషయం. మన దేశంలో స్టోనీ కోరల్స్ అన్నీ, అంటే గట్టి ఎముక కట్టే పగడాలు మొత్తం, 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి, 2001లో చేర్చారు. పులి ఉన్న లిస్టు అది. సముద్రంలోంచి తెచ్చినా, అమ్మినా, కొన్నా 3 నుంచి 7 ఏళ్ళ దాకా జైలు ఉంది. చచ్చిపోయిన ముక్క, షోకేసులో పెట్టుకునే తెల్ల పగడం కూడా దాంట్లోకే వస్తది. అంతర్జాతీయంగా సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి బయట దేశం నుంచి రావాలన్నా పర్మిట్లు కావాలి. ఎవడో ఒకడు ఫోన్లో ఫోటోలు పంపి, తమిళనాడు మండపం ఊరి వైపు నుంచి ఫ్రెష్ లైవ్ రాక్ (సముద్ర జీవులు అంటుకున్న రాయి) వచ్చింది, పైన రెండు కోరల్ హెడ్లు ఉన్నాయి, పార్శిల్ ఏస్తా అంటాడు. వద్దని చెప్పి నంబరు బ్లాక్ చేసెయ్యండి. మన్నార్ గల్ఫ్‌లో ఉన్న పగడాలు 2010లో, 2016లో నీళ్ళ వేడికి తెల్లబడిపోయి సగం ప్రాణంతో ఉన్నాయి, వాటిని సుత్తితో కొట్టి మన హాల్లో పెట్టుకోవాల్సిన పని లేదు. కాబట్టి ఇక్కడ ఉండేవాళ్ళు కోరలైన్ ఆల్గేతో ప్రాక్టీసు చెయ్యండి, అది కూడా కాల్షియం, ఆల్కలినిటీ తింటానే ఉంటది. గల్ఫ్‌లో, సింగపూర్‌లో, అమెరికాలో ఉన్న మనోళ్ళు లీగల్‌గా ఫార్ముల్లో పెంచిన ముక్కలు కొనుక్కోవచ్చు. లెక్క మాత్రం ఇద్దరికీ ఒకటే.

మన తీరంలో రీఫ్ ఎందుకు లేదు అని కూడా అడుగుతుంటారు. మైపాడులో దిగినా కొత్తపట్నంలో దిగినా మోకాళ్ళ లోతులో కాళ్ళు కనపడవు గదా, పెన్నా, కృష్ణా తెచ్చే ఒండ్రు, వానాకాలం మంచినీళ్ళు, రెండూ పగడాలకి పడవు. లక్షద్వీప్, అండమాన్, మన్నార్, కచ్, పెద్ద రీఫులు మనకి ఉండేది ఆ వైపులే.

సరే, ఆల్కలినిటీ ఎందుకు అంత ముఖ్యం. స్టోనీ కోరల్ కాల్షియం కార్బొనేట్‌తో ఎముక కడతది, దానికి నీళ్ళల్లోంచి కాల్షియమూ బైకార్బొనేటూ రెండూ లాగుతది. 20 పీపీఎం (పీపీఎం అంటే సుమారు లీటరుకి ఒక మిల్లీగ్రాము) కాల్షియం వాడితే దాంతోపాటు 50 పీపీఎం ఆల్కలినిటీ పోతది. ఇప్పుడు లెక్క చూడండి, నీళ్ళల్లో కాల్షియం 420 ఉంటది, దాంట్లో 20 పోతే ఎవరికీ తెలీదు. ఆల్కలినిటీ ఉండేదే 140, 150, దాంట్లో 50 పోతే మూడో వంతు పోయినట్టు. అందుకే కాల్షియం నెలకోసారి చూసినా సరిపోతది గానీ ఆల్కలినిటీ వారం వారం చూడాలి, కోరల్స్ బాగా పెరిగే ట్యాంకులో అయితే ఇంకా తరచుగా. సముద్రంలో సుమారు 115 పీపీఎం ఉంటది, ట్యాంకుల్లో 125 నుంచి 200 మధ్యలో ఎక్కడ పెట్టుకున్నా నడుస్తది, అసలు కిటుకు ఏ నంబరు దగ్గర పెట్టావన్నది కాదు, పెట్టిన చోట నిలబెట్టావా లేదా అన్నదే. ఈ వారం 130, వచ్చే వారం 190, మళ్ళీ 140 అంటే హ్యామర్ కండ ఎముక మీద నుంచి వెనక్కి పోతది, అక్రోపోరా అనే పగడం అయితే కొసలు కాలినట్టు తెల్లగా అయిపోతాయి. రీఫ్ వాళ్ళు దీన్ని డీకేహెచ్‌లో చెప్తారు, రొయ్యల వాళ్ళు పీపీఎంలో చెప్తారు, పీపీఎంని 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తది. 143 అంటే 8. ఇంతే తేడా, భయపడొద్దు.

మరి ఇంట్లో టెస్ట్ కిట్ కొనుక్కోవచ్చు గదా అంటారు. కొనుక్కోవచ్చు. ఏపీఐ కేహెచ్ కిట్ ఉంది, 5 మిల్లీలీటర్ల నీళ్ళల్లో చుక్కలు ఏసుకుంటా పోతే నీలం పోయి పసుపు వస్తది, ఒక్కో చుక్క ఒక డీకేహెచ్. మొదలుపెట్టేవాళ్ళకి ఫరవాలేదు గానీ ఒక చుక్క అంటే దాదాపు 18 పీపీఎం, వారానికి 10, 15 పడిపోయే నా లాంటి ట్యాంకులో ఆ చుక్క తేడాని పట్టలేదు. హన్నా చెకర్ అని చేతిలో పట్టే చిన్న మీటర్ ఉంది, 10 మిల్లీలీటర్ల నీళ్ళు, 1 మిల్లీలీటరు రీఏజెంటు, నంబరు స్క్రీన్ మీద వస్తది, దుబాయ్‌లో అదే వాడా, సూపర్. కానీ ఇక్కడ మీటరుకే వేలు పెట్టాలి, పైగా ఒక రీఏజెంట్ సీసా 25 టెస్టులకే వస్తది, అయిపోయాక మళ్ళీ ఆర్డరు. ఆన్‌లైన్లో ఒక సెల్లరు దగ్గర వేరే కంపెనీ కిట్ తెప్పిస్తే ఎక్స్‌పైరీ డేటు మీద కొత్త స్టిక్కరు అంటించి పంపించాడు, గోకితే కింద పాతది కనపడింది. రిటర్న్ తీసుకోలా. అప్పుడే ల్యాబు సంగతి గుర్తొచ్చింది.

ల్యాబుకి పొద్దున్నే 6 గంటలకే జనం ఉంటారు. రైతులు బైకు మీద వాటర్ బాటిల్స్ కవర్లో ఏసుకుని వస్తారు, మూతల మీద స్కెచ్ పెన్నుతో 1, 2, 3 అని గుంట నంబర్లు. టెక్నీషియన్ కుర్రోడు నా బాటిల్ తీసుకుని ఫారం నింపుతా అడిగాడు, గుంట ఎన్ని ఎకరాలన్నా అని. ఎకరాలు కాదు తమ్ముడూ 250 లీటర్లు అన్నా. సీడ్ (రొయ్య పిల్లలు) ఏ హ్యాచరీదన్నా? సీడ్ లేదు. డీఓసీ (సీడ్ ఏసి ఎన్ని రోజులైందన్న లెక్క) ఎంత? మూడేళ్ళయింది అన్నా. రాస్తా రాస్తా పెన్ను ఆపేశాడు. వనామీ రొయ్య పంట మహా అయితే నాలుగు నెలలు గదా. పక్కన కూర్చున్న పెద్దాయన, ఆ రొయ్య ఎంత కౌంటుకొచ్చిందో (కిలోకి ఎన్ని తూగుతాయో) అడగరా అని జోకు. చివరికి ట్యాంకు మా హాల్లో ఉందంటే కార్డు మీద గుంట నంబరు దగ్గర హాల్ అని రాశాడు, ఇప్పటికీ నా రిపోర్టు వాట్సాప్‌లో హాల్ అనే వస్తది.

చార్జీ నా దగ్గర 150 తీసుకున్నారు, దాంట్లో సెలైనిటీ, పీహెచ్, కార్బొనేట్, బైకార్బొనేట్, టోటల్ ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియా, నైట్రైట్ అన్నీ ఉన్నాయి. మందుల షాపుకి అనుబంధంగా ఉండే ల్యాబుల్లో అయితే వాళ్ళ దగ్గర మినరల్స్ కొంటే టెస్టు ఫ్రీ, కానీ ఫ్రీ టెస్టు తర్వాత ఒక బకెట్ అంటగట్టకుండా వదలరు, అందుకే నేను డబ్బులిచ్చి చేయించుకునే చోటికే పోతా.

ఇప్పుడు అసలు విషయం, ఆల్కలినిటీ ఎట్టా చేస్తారో నిలబడి చూశా. కోనికల్ ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్ల నీళ్ళు, ముందు ఫినాఫ్తలీన్ చుక్కలు, దాంతో లైట్ పింక్ వస్తే అది పోయేదాకా బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి యాసిడ్, దాన్ని బట్టి కార్బొనేట్ లెక్కేస్తారు. తర్వాత మిథైల్ ఆరెంజ్ చుక్క, నీళ్ళు పసుపు అయితాయి, మళ్ళీ యాసిడ్ చుక్క చుక్క, పసుపు పోయి నారింజ రంగు తిరగంగానే ఆపాలి. యాసిడ్ 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్, 50 మిల్లీలీటర్ల శాంపిల్‌కి ఒక మిల్లీలీటరు యాసిడ్ అంటే 20 పీపీఎం. ఏడున్నర పడితే 150. ఇది కాలేజీ ల్యాబులో చేసే పద్ధతే, రంగు కిట్ల కంటే నయం, సరిగ్గా చేస్తే.

సరిగ్గా చేస్తే అన్నదే ఇక్కడ మెలిక. పొద్దున షిఫ్ట్ కుర్రోడు నారింజ తగలంగానే కుళాయి కట్టేస్తాడు, కరెక్ట్. మధ్యాహ్నం షిఫ్ట్‌లో ఇంకొకరు ఉంటారు, ఆ మనిషి బాగా ఎర్రగా అయ్యేదాకా వదలరు, దాంతో ముప్పావు మిల్లీలీటరు దాకా జాస్తి పోతది. నా ఒకే బాటిల్ నీళ్ళకి పొద్దున 140, మధ్యాహ్నం 154. రైతుకి ఈ తేడా లెక్కే కాదు, వాళ్ళకి 120 దాటిందా లేదా అంతే కావాలి, పైగా రిపోర్టులో ఒక్కోసారి 10కి రౌండ్ చేసి రాస్తారు. కోరల్ పెంచేవాడికి 14 అంటే ముప్పావు డీకేహెచ్, రెండో రీడింగ్ నమ్మి ఆల్కలినిటీ పెంచడానికి ఏసే వంట సోడా ఆపేస్తే నిజంగానే పడిపోతది.

దీన్ని చెక్ చెయ్యడానికి ఒక ట్రిక్ ఉంది, ఇది ఎవరైనా చెయ్యొచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. లీటరులో కొత్త ప్యాకెట్ వంట సోడా 2.52 గ్రాములు కలపండి, బంగారం షాపు కాటా లాంటి చిన్న డిజిటల్ కాటా ఉండాలి. దాంట్లోంచి 100 మిల్లీలీటర్లు తీసి మళ్ళీ డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు చెయ్యండి. అది లెక్క ప్రకారం 150 పీపీఎం ఆల్కలినిటీ. దాన్ని ఇంకో బాటిల్లో పోసి, వంటిల్లు అని పేరు రాసి, ఏం చెప్పకుండా ల్యాబులో ఇచ్చా. పొద్దున షిఫ్ట్‌లో 148, మధ్యాహ్నం షిఫ్ట్‌లో 162. అంతే, అప్పట్నుంచి పొద్దున తప్ప పోను. టెక్నీషియన్‌కి విషయం చెప్తే నవ్వాడు, కోప్పడలా, పైగా ఆ సోడా లెక్క నోట్ చేసుకున్నాడు, అందుకే ఒక అర మార్కు మాత్రమే తగ్గించా.

ఇంకో చిట్కా. 50 కాకుండా 100 మిల్లీలీటర్ల శాంపిల్ తీసుకోమని అడగండి, అప్పుడు ఒక మిల్లీలీటరు యాసిడ్ 10 పీపీఎంకి వస్తది, అంటే అదే బ్యూరెట్‌తో రెండింతలు సన్నగా కొలిచినట్టు. రిపోర్టు నంబరు కాకుండా బ్యూరెట్ రీడింగ్ చెప్పమని అడగండి, 14.3 అంటే 143. రద్దీ లేనప్పుడు అడిగితే చేస్తారు, రద్దీలో అడిగితే వెనకాల రైతులు మొహం చిట్లిస్తారు, న్యాయమే, ఆయన గుంటలో లక్షల రూపాయల సరుకు ఉంది, మనకేమో రెండు క్లౌన్ చేపలు.

కాల్షియానికొస్తే జాగ్రత్త. రిపోర్టులో ఒక్కోసారి కాల్షియం 1050 అని వస్తది, చూసి గుండె ఆగినంత పనైతది. అది కాల్షియం హార్డ్‌నెస్, కాల్షియం కార్బొనేట్ లెక్కలో చెప్పేది. రెండున్నరతో భాగించాలి, 1050 అంటే 420, నార్మల్. ఏ లెక్కలో రాశారో ప్రతిసారీ అడగండి, ఒక ల్యాబు ఒకట్టా ఇంకో ల్యాబు ఇంకోట్టా రాస్తారు. సింగరాయకొండ వైపు ఒక ల్యాబులో నాకు కాల్షియం 410 అని నేరుగా ఇచ్చారు, నెల్లూరులో ఇంకోచోట 1025 అని ఇచ్చారు, రెండూ ఒకటే.

మెగ్నీషియం దగ్గరే మొత్తం తేలిపోతది. వాళ్ళు దాన్ని నేరుగా కొలవరు, టోటల్ హార్డ్‌నెస్‌లోంచి కాల్షియం హార్డ్‌నెస్ తీసేసి, మిగిలింది మెగ్నీషియం అని లెక్కేస్తారు. మన గుంటల్లో ఉప్పు 5, 10, 15 పీపీటీ (వెయ్యి వంతుల్లో ఎన్ని వంతుల ఉప్పు అన్న లెక్క) ఉంటే ఆ లెక్క బాగానే పనిచేస్తది. నా ట్యాంకు 35 పీపీటీ, పూర్తి సముద్రం, టోటల్ హార్డ్‌నెస్ 6000 పైనే. అంత హార్డ్‌నెస్‌కి మామూలు శాంపిల్ తీసుకుంటే ఈడీటీఏ (హార్డ్‌నెస్ కొలవడానికి చుక్కలుగా ఏసే మందు) సీసా మొత్తం అయిపోయినా టెస్టు పూర్తయిందని చూపించే నీలం రంగు రాదు, అందుకని ఒకటి రెండు మిల్లీలీటర్ల శాంపిల్ తీసుకుని డిస్టిల్డ్ వాటర్ కలిపి చేస్తారు. ఆ చిన్న శాంపిల్లో పిపెట్ దగ్గర ఒక చుక్క తేడా వస్తే చివర్లో హార్డ్‌నెస్‌లో వందల పీపీఎం తేడా. నాకు ఒక వారం 1180, ఇంకో వారం 1460 వచ్చింది, మధ్యలో నేను నీళ్ళల్లో చెయ్యి కూడా పెట్టలా. కావాల్సింది 1250 నుంచి 1350 మధ్య. మెగ్నీషియానికి మాత్రం ఇంట్లో కిట్ పెట్టుకోండి, అది ఎప్పుడో ఒకసారి చూస్తే చాలు కాబట్టి కిట్ చాలా కాలం వస్తది.

పీహెచ్‌కి సున్నా ఎందుకంటే తప్పు ల్యాబుది కాదు. బాటిల్ బైకు మీద కుదుపుల్లో, ఎండలో, మూతలో గాలితో వచ్చేసరికి పీహెచ్ మారిపోతది, ఇంట్లో 8.2 ఉన్నది అక్కడ వేరే ఏదో చూపిస్తది. మంచి సంగతేంటంటే ఆల్కలినిటీకి ఈ గొడవ లేదు, కార్బన్ డయాక్సైడ్ వచ్చినా పోయినా ఆల్కలినిటీ నంబరు మారదు, అందుకే దూరం నుంచి తెచ్చినా ఇబ్బంది లేదు. అమ్మోనియా, నైట్రైట్ కొత్త ట్యాంకు సైకిల్ అయ్యేటప్పుడు (అంటే మంచి బ్యాక్టీరియా స్థిరపడేటప్పుడు) చూపించుకోవచ్చు, ఆ రెండూ సున్నా అయ్యేదాకా చేప కూడా ఎయ్యొద్దు. నైట్రేట్ నేను పోయిన ల్యాబుల్లో చెయ్యరు, ఫాస్ఫేట్ చేసినా రీఫ్‌కి కావాల్సిన 0.03, 0.05 లాంటి సన్న నంబర్లు వాళ్ళ పద్ధతిలో అందవు.

ఒకసారి వద్దన్నా వినకుండా విబ్రియో (రొయ్యలకి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) ప్లేటు టెస్టు కూడా పెట్టారు. రెండో రోజు పొద్దున్నే వాట్సాప్‌లో ఫోటో, అన్నా నీ హాల్లో యెల్లో కాలనీలు ఉన్నాయి, గ్రీన్ లేదు, సేఫ్, కానీ ప్రోబయోటిక్ ఏస్కో అని మెసేజ్. మా ఆవిడ ఆ మెసేజ్ చూసి హాల్లో ఏందది అని రెండు రోజులు నన్ను సతాయించింది.

సెలైనిటీ విషయంలో ఒక మాట. ల్యాబులో రిఫ్రాక్టోమీటర్ (నీళ్ళల్లో ఉప్పు ఎంతుందో చూపించే మీటర్) పెట్టి చూస్తారు, రైతుల దగ్గర కూడా అదే ఉంటది, చౌకగా దొరుకుతది కాబట్టి మీరూ ఒకటి కొనుక్కోండి. కానీ చాలా మీటర్లు మామూలు ఉప్పునీళ్ళకి తయారు చేసినవి, సముద్రపు నీళ్ళకి కాదు, 35 ఉన్నదాన్ని 36, 36.5 అని చూపిస్తాయి. మంచినీళ్ళతో సున్నా సెట్ చేసి వదిలెయ్యకుండా 35 పీపీటీ సొల్యూషన్ తెప్పించుకుని దాంతో సెట్ చేసుకోండి. గుంటకి ఒకటి అటూఇటూ అయినా నడుస్తది, కోరల్‌కి రోజూ ఒకే నంబరు కావాలి.

ఇంక పక్కనే ఉండే ఆక్వా షాపు. సోడియం బైకార్బొనేట్ బస్తాలు, కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్, డోలమైట్ అన్నీ కిలోల లెక్కన దొరుకుతాయి, విదేశీ రీఫ్ కంపెనీ సీసాలో ఉండేది కూడా చాలావరకు ఈ పదార్థాలే. ఆశ పుడతది, నాకూ పుట్టింది, కానీ ఇవి గుంటల గ్రేడు. బైకార్బ్ అయితే నేను వంట సోడానే కొంటా, చౌకా, శుభ్రం. నా 250 లీటర్లకి ఒక డీకేహెచ్ పెంచాలంటే ఏడున్నర గ్రాములు, అంటే ఇంత కొద్దిదానికి బస్తా ఎందుకు. కాల్షియం క్లోరైడ్ ఫుడ్ గ్రేడ్ వెతుక్కోండి, 9 గ్రాములు ఏస్తే నా ట్యాంకులో సుమారు 10 పీపీఎం పెరుగుద్ది. రెండూ ఒకే టైములో ఒకే చోట పొయ్యొద్దు, కలిసిన చోటే తెల్లగా సున్నం లాగా విరిగి కిందకి దిగిపోతది, డబ్బులు నేలపాలు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి, నీళ్ళు బాగా తిరిగే చోట. రోజుకి ఒక డీకేహెచ్ కంటే జాస్తి ఎప్పుడూ పెంచొద్దు, నంబరు తక్కువొచ్చిందని కంగారుగా ఒకేసారి కొట్టేస్తే తక్కువ ఉన్నదానికంటే అదే ఎక్కువ చెరుపు చేస్తది.

లూజ్ షెల్‌కి (రొయ్యకి పొట్టు మెత్తబడే జబ్బు) వాడే మినరల్ మిక్స్ ప్యాకెట్లు మాత్రం ట్యాంకు దరిదాపులకి రానివ్వొద్దు. షాపాయన మంచి మనసుతోనే చెప్తాడు, కాల్షియం మెగ్నీషియం అన్నీ దీంట్లోనే ఉన్నాయి సార్ అని. ప్యాకెట్ తిప్పి వెనక చదవండి, చాలావాటిల్లో కాపర్ ఉంటది. కాపర్ కొంచెం ఉన్నా నత్తలు, కోరల్స్ బతకవు. అందుకే శాంపిల్ బాటిల్ కూడా గుంటలకి వాడింది తీసుకోవద్దు, కొత్త మంచినీళ్ళ బాటిల్ తీసుకుని ట్యాంకు నీళ్ళతోనే రెండు మూడు సార్లు కడిగి నింపండి.

హ్యాచరీ నీళ్ళు కొంతమంది వాడతారు, ఫిల్టర్ చేసిన సముద్రపు నీళ్ళు క్యాన్లలో ఇస్తారు, సాల్ట్ మిక్స్ కొనే ఖర్చు తప్పుద్ది. సాల్ట్ అయితే లీటరుకి 35 నుంచి 40 గ్రాములు పడతది, 25 లీటర్ల నీళ్ళు మార్చాలంటే కిలో దాకా పోయినట్టే. కానీ హ్యాచరీలో క్లోరిన్ కొడతారు, దాన్ని పోగొట్టడానికి థయోసల్ఫేట్, లోహాల్ని పట్టెయ్యడానికి ఈడీటీఏ ఏస్తారు, కాబట్టి ఏ ట్యాంకు నీళ్ళు ఇస్తన్నారో అడిగి, వీలైతే శాండ్ ఫిల్టర్ దాటి మందులు పడకముందు నీళ్ళే తీసుకోండి. కార్తీకం వానలకి పెన్నా పొంగినప్పుడు తీరంలో ఉప్పు పడిపోద్ది, ఆ నెలల్లో నేను సాల్ట్ మిక్స్‌కే పోతా. పై నీళ్ళు, అంటే ఆవిరైపోయినదానికి పోసేవి మాత్రం ఉప్పు లేని నీళ్ళే పొయ్యాలి, ఇంట్లో ఆర్వో నీళ్ళు కూడా టీడీఎస్ మీటర్ పెడితే 40, 60 చూపిస్తాయి, దాని తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసేది) గొట్టం పెట్టుకుంటే సున్నా వస్తది.

ఎండాకాలం గురించి రెండు ముక్కలు. రోహిణి ఎండకి రోళ్ళు పగిలే ఊరు మనది, 26 ఉండాల్సిన ట్యాంకు చూస్తుండగానే 31 అయితది. ఫ్యాను పెడితే పడమటి గాలి రోజుల్లో రెండు మూడు డిగ్రీలు తగ్గుతది గానీ సముద్రం గాలి తేమగా ఉన్నప్పుడు ఏం తగ్గదు. స్టోనీ కోరల్స్ అయితే చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మెషిన్) తప్పదు, వేసవిలో మామూలుగా ఉండే వేడి కంటే ఒక్క డిగ్రీ వారాల తరబడి ఎక్కువుంటే చాలు సముద్రంలోనే తెల్లబడిపోతాయి, లోపల కాపురం ఉండే ఆల్గేని అవే బయటికి నెట్టేస్తాయి. ఫ్యాను పెట్టిన రోజుల్లో నీళ్ళు ఎక్కువ ఆవిరై ఉప్పు పెరుగుద్ది, ఆల్కలినిటీ నంబరు కూడా దాంతోపాటు పెరిగినట్టు కనపడతది, అందుకే శాంపిల్ తీసేముందు పై నీళ్ళు పోసి లెవెల్ సరిచేసి గంట ఆగండి.

బయట దేశాల్లో ఉండి మొదలుపెట్టేవాళ్ళకి, డంకన్, క్యాండీ కేన్, తర్వాత హ్యామర్, ఇవి కాస్త తప్పుల్ని ఓర్చుకుంటాయి. మాంటీపోరా ఆ తర్వాత. అక్రోపోరా షాపులో ఎంత అందంగా ఉన్నా మొదటి సంవత్సరం దాని వంక చూడొద్దు. ఆల్కలినిటీ రెండు మూడు నెలలు ఒకే నంబరు దగ్గర నిలబెట్టగలిగాక మొదటి ముక్క కొనండి, దుబాయ్‌లో నాకు తెలిసినోళ్ళల్లో ఎక్కువమంది లైటు, కోరల్స్ ముందు కొని టెస్టు కిట్ చివర్లో కొన్నవాళ్ళే, వాళ్ళ ట్యాంకులన్నీ సెకండ్ హ్యాండ్ యాడ్లలో కనపడేవి.

పోయేవాళ్ళకి, పొద్దున 7 లోపల పోండి. అమావాస్య, పున్నమి దగ్గర రోజుల్లో పోవద్దు, రొయ్యలు పొట్టు విడిచే టైము కాబట్టి ప్రతి రైతూ నాలుగు బాటిళ్ళతో లైన్లో ఉంటాడు. అర లీటరు బాటిల్ అంచు దాకా నింపుకోండి, 100 మిల్లీలీటర్ల శాంపిల్ రెండుసార్లు చెయ్యడానికి అది సరిపోద్ది. ఆల్కలినిటీ ఒక్కటే చాలు అని చెప్తే 50 రూపాయలకే చేస్తారు, ఫోన్‌పే తీసుకుంటారు.